ఉద్యోగమంటూ వచ్చిన మెయిల్‌కు బదులిచ్చే ముందు

విశాఖ పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగం వచ్చిందని మెయిల్ వస్తే ఆ సంతోషంలో లింకు నొక్కకండి.

• పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అసలు చిరునామాలో @ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి. ‘ఎల్’ ఉండాల్సిన చోట అంకె 1 పెట్టి ఏమారుస్తారు.

• సంస్థ వెబ్‌సైటును మీరే టైపు చేసి తెరవండి. ఆ నోటిఫికేషన్ అక్కడ ఉందా?

• నియామకపత్రం కోసం డిపాజిట్ అడిగితే అది మోసమే. ఇక మాట్లాడవద్దు.

• ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

• డబ్బు ఇప్పటికే పోయిందా? సిగ్గుపడి ఇంట్లో దాచకండి, తప్పు మోసగించినవారిది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ మెయిల్‌ను మాత్రం తొలగించవద్దు, ఫిర్యాదుకు అదే ఆధారం.