పాత కామిక్ పద్ధతిలో బెన్ గ్రిమ్‌ని గీయడం

బెజవాడలో నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలు యూదు సూపర్‌హీరో అనగానే మెడలో ఆరు కోణాల నక్షత్రం వేసి చేతులు దులుపుకుంటారు. ఎక్స్-మెన్ కామిక్స్‌లోని యూదు హీరోయిన్ కిట్టీ ప్రైడ్‌కి అది చెల్లుతుంది, ఆమె లాకెట్ అదే. బెన్ గ్రిమ్, అంటే ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కామిక్స్‌లోని రాతి మనిషి ‘థింగ్’, సంగతి వేరు. 1961లో అతన్ని సృష్టించిన స్టాన్ లీ, జాక్ కర్బీ ఇద్దరూ యూదు కుటుంబాల వాళ్లే. అతను యూదుడని కథలో తేల్చి చెప్పింది మాత్రం 2002లో!

ముందు పెన్సిల్‌తో మొద్దు శరీరం, చిన్న తల. తొలి సంచికల్లో ఒళ్లంతా గడ్డలుగడ్డలుగా ఉండేది, రాతి పలకలు తర్వాత వచ్చాయి. పాత లుక్ కావాలంటే గడ్డలే గీయండి. నాకైతే అవే ఇష్టం. గీతలకు బ్రష్, నల్ల ఇంకు వాడండి.

హనుక్కా (ఎనిమిది రాత్రుల యూదుల దీపాల పండగ, రోజుకో దీపం పెరుగుతుంది) సీన్ పెడితే ఇక్కడ జాగ్రత్త. దీపస్తంభానికి ఏడు కాదు, తొమ్మిది కొమ్మలుండాలి. మిగతావాటిని వెలిగించే కొవ్వొత్తి కాస్త ఎత్తులోనో పక్కకో ఉంటుంది. ఏ రాత్రో ముందే అనుకోండి: మూడో రాత్రైతే మూడు, వెలిగించేదాంతో నాలుగు. చూసేవాళ్లకు కుడి చివర నుంచి పెట్టుకుంటూ రావాలి.

రంగుల్లో పొదుపు చేయండి. అప్పటి అచ్చులో నీలం, గులాబీ, పసుపు చుక్కలే కలిసి అన్ని రంగులూ అయ్యేవి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో రంగుల కామిక్ దొరికితే భూతద్దంతో చూడండి. బెన్‌కి నారింజ రావాలంటే నిండు పసుపు మీద గులాబీ చుక్కలు చాలు. షేడింగ్ వద్దు.