రెండో అప్పీలుకి హైకోర్టు ఎప్పుడు ఒప్పుకుంటుంది? శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

జిల్లా కోర్టులో కూడా ఓడిపోయామనగానే మన శ్రీకాకుళంలో ఎవరైనా అనే మాట, "హైకోర్టులో తేల్చుకుందాం". సరే, కానీ ఆమదాలవలసలో రైలెక్కి అమరావతి వెళ్లే ముందు ఒకటి తెలుసుకోండి. సివిల్ కేసులో మొదటి అప్పీలు మామూలుగా మన హక్కు, రెండోది అలా కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం కేసులో గట్టి న్యాయ ప్రశ్న, అంటే వకీళ్లు సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా అనేది, ఉందని జడ్జికి నమ్మకం కలిగితేనే అడ్మిట్ చేస్తారు.

"సాక్షి అబద్ధమాడాడు, గట్టు మాదేనని ఊరంతా తెలుసు" అంటే మళ్లీ తవ్వరు, అవి కింద తేలిపోయిన వాస్తవాలు. అదే మీ రిజిస్టర్డ్ దస్తావేజు ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా, ఉన్నా దాన్ని అసలు చూడకుండానే తీర్పిచ్చారనుకోండి, లేదా వాది రుజువు చేయాల్సింది ప్రతివాది నెత్తిన పెట్టారనుకోండి, అప్పుడు జడ్జి ఆగి చదువుతారు. అందుకే ఆ ప్రశ్నని అప్పీలు మెమోలో, అంటే కోర్టులో వేసే అప్పీలు కాగితంలో, సూటిగా రాయించండి. ఒప్పుకుంటే జడ్జే ప్రశ్నని రాసి విచారణకి తీసుకుంటారు, లేదంటే అవతలివాళ్లకి నోటీసు కూడా వెళ్లకుండానే కొట్టేయొచ్చు. 25,000 రూపాయలు దాటని డబ్బు వసూలు దావాకి రెండో అప్పీలే లేదు.

ఇక గడువు. జిల్లా కోర్టుకి 30 రోజులు, హైకోర్టుకి 90. తీర్పు వచ్చిన రోజే నకలుకి దరఖాస్తు పెట్టేయండి, దయచేసి. నకలు మీద ఒక ముద్ర ఉంటుంది, అందులో దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, నకలు ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు తీసుకున్నారు అని తేదీలు వేస్తారు. నకలు తయారీకి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు, సిద్ధమయ్యాక మనం తీసుకోకుండా ఊరుకున్న రోజులు మాత్రం మన ఖాతాలోనే. మా చిన్నాన్న వరికోతల్లో పడి ఇరవై రోజులు అలాగే పోగొట్టుకున్నాడు, ఆ టెన్షన్ ఇంటిల్లిపాదీ పడ్డాం.

గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్, దానితో అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, వేయాలి. అక్కడ జడ్జి చూసేది ఎన్ని రోజులని మాత్రమే కాదు, కారణం నమ్మేలా ఉందా అని కూడా. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం జత చేయండి.

అప్పీలు వేసినంత మాత్రాన కింది డిక్రీ, అంటే కింది కోర్టు తీర్పు అమలు, ఆగదు, స్టే కోసం వేరే పిటిషన్ కావాలి. కేసులో పార్టీ కానివాళ్లయితే ముందు కోర్టు అనుమతి అడగాలి, ఆ తీర్పు వల్ల మీ హక్కుకి నేరుగా ఎలా దెబ్బ తగిలిందో చూపిస్తేనే ఇస్తారు.

వకీలుకి డబ్బుల్లేవని ఆగిపోకండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి, తీర్పు నకలు మాత్రం దగ్గర పెట్టుకోండి.