ఇంటి కంప్యూటర్ మరమ్మతు – 6వ పాఠం: వైఫై కార్డుకి ఏం వినిపిస్తుంది?

పోయిన పాఠంలో రౌటర్ సంగతి చూశాం. ఫోనుకి నెట్ బాగానే వస్తూ పక్కనున్న లాప్‌టాప్‌కి రాకపోతే, ముందు అనుమానించాల్సింది లాప్‌టాప్‌లోని వైఫై కార్డుని, అంటే రౌటర్ సంకేతాలు అందుకునే చిన్న భాగాన్ని.

విండోస్‌లో డివైస్ మేనేజర్ (కంప్యూటర్ భాగాల జాబితా) తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడండి. కార్డు గుర్తు మీద కిందికి చూసే బాణం ఉంటే దాన్ని ఎవరో డిజేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ నొక్కితే సరి. పసుప్పచ్చ త్రికోణం ఉంటే చాలాసార్లు డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) గొడవే.

ఇవేవీ లేకుండా వచ్చే చిక్కు ఇంకోటుంది. మా పిన్ని కొడుకు కొత్త రౌటర్ పెట్టించాడు. ఫోన్లో రెండు పేర్లు కనిపించాయి, ఒకదాని చివర 5జి అని. (అది సెల్‌ఫోన్ 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్, అంటే వైఫై వాడే రేడియో తరంగాల పట్టీ. ఇంకో పట్టీ 2.4 గిగాహెర్ట్జ్.) లాప్‌టాప్‌లో ఒక్క పేరే. కార్డు పోయింది, మార్చాలన్నారు షాపులో. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్’ (netsh wlan show drivers) అని కొట్టించాను. ‘రేడియో టైప్స్ సపోర్టెడ్’ అన్న చోట మూడే అక్షరాలు: బి, జి, ఎన్. కార్డు బంగారంలా ఉంది. 5 గిగాహెర్ట్జ్ దానికి వినిపించదు, అంతే.

ఈ అక్షరాలన్నీ వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణానివి. 1997లో అది సెకనుకి 2 మెగాబిట్లతో మొదలైంది. 1999లో వచ్చిన బి 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 మెగాబిట్లు, ఎ 5 గిగాహెర్ట్జ్‌లో 54. 2003లో జి ఆ 54ని 2.4కి తెచ్చింది. 2009 నాటి ఎన్ రెండు చోట్లా నడవగలదు, కానీ పక్కన ఎ గానీ ఏసీ గానీ లేకపోతే ఆ కార్డు 2.4దే అనుకోవచ్చు. వైఫై 4, 5, 6 అంటే వరసగా ఎన్, ఏసీ, ఏఎక్స్. 2.4 గోడలు దాటుతుంది గానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే. 5 వేగం, గోడ అడ్డొస్తే నీరసం.

రౌటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒక్క గీతే వస్తోందా? ఈమధ్య లాప్‌టాప్ విప్పించారేమో గుర్తు చేసుకోండి. కార్డుకి నల్లదీ తెల్లదీ రెండు సన్నని యాంటెనా తీగలుంటాయి, వాటి కొసన ఆవగింజంత గుండ్రని తల. అది ఊడితే ఇదే వరస. బ్యాటరీ కనెక్షన్ తీశాక, తలని సరిగ్గా నడిమీద పెట్టి వేలితో నిలువుగా నొక్కండి, టిక్కుమంటుంది. పక్కకి మాత్రం లాగొద్దు, సాకెట్టే లేచొస్తుంది.

వచ్చే పాఠం డ్రైవర్ల మీద. ఈలోగా ఆ కమాండ్ కొట్టి, మీ కార్డు అక్షరాలు రాసిపెట్టుకోండి.