సంస్కర్త అయిన రాజు జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా: బరోడా సయాజీరావు ఉదాహరణగా

ఒక సంస్థానాధీశుడి జీవితాన్ని రాయబూనిన వారికి సమాచారం కావలసినంత దొరుకుతుంది. అందులో చాలా భాగం పొగడ్త కావడమే చిక్కు. 1875 నుంచి 1939 వరకు బరోడా గద్దె మీద ఉన్న మూడవ సయాజీరావు గైక్వాడ్ విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆయన చేసిన పనుల్లో అధిక భాగం నిజంగానే పొగడదగినవి. అందుకే ఆయననే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఉత్తర్వు వెలువడిన తేదీ దగ్గర ఆగిపోకుండా, ఆ ఉత్తర్వు ఎవరి చేతుల మీదుగా, ఎవరి డబ్బుతో, ఏ ఊరి దాకా చేరిందో వెదకడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

కలం పట్టే ముందు పటం గీసుకోవాలి. బరోడా సంస్థానం ఒకే ముక్కగా లేదు. బరోడా, కడి, నవసారి, అమ్రేలి అనే ప్రాంతాలుగా గుజరాత్, కాఠియావాడ్‌లలో చెల్లాచెదురుగా ఉండేది. నడుమ బ్రిటిష్ జిల్లాలు, ఇతర సంస్థానాల భూములు అడ్డుపడేవి. రాజధానిలో చేసిన చట్టం అమ్రేలిలో అమలు కావాలంటే పరాయి భూభాగం దాటవలసి వచ్చేదన్న సంగతి తెలియకపోతే, ఆయన పాలనలో తనిఖీలకూ నివేదికలకూ అంత ప్రాధాన్యం ఎందుకో బోధపడదు.

బాల్యాన్ని క్లుప్తంగా ముగించవచ్చు. నాసిక్ ప్రాంతంలోని కవ్లానా గ్రామంలో 1863లో పుట్టిన గోపాలరావును (ఆయనే తరువాత సయాజీరావు), అప్పటి మహారాజు మల్హారరావు పదవీచ్యుతుడైన తరువాత, మాజీ మహారాజు ఖండేరావు భార్య జమ్నాబాయి 1875లో దత్తత తీసుకున్నారు. పల్లెటూరి బాలుడు రాజైన కథ ఎంత ఆకర్షణీయమైనా దానికి ఒక పేరా చాలు. ఎక్కువ చోటు ఇవ్వవలసింది ఆ తరువాతి ఆరేళ్లకు. అప్పటికే తిరువాన్కూరులోనూ ఇందోరులోనూ దివానుగా పనిచేసిన టి. మాధవరావు ఆ కాలంలో బరోడా పరిపాలనను నడిపి, ఖజానాను, కచేరీలను దారిలో పెట్టారు. సయాజీరావుకు పూర్తి అధికారాలు 1881 డిసెంబరు 28న వచ్చాయి. అంతకు ముందు జరిగిన పనులను ఆయన ఖాతాలో వేయడం చాలామంది చేసే పొరపాటు. మీ కాలపట్టికలో ఆ తేదీ దగ్గర గీత గీసి, గీతకు అటూ ఇటూ ఉన్న పనులను విడివిడిగా రాసుకోవాలి.

విద్య దగ్గరకు వచ్చేసరికి నిదానించాలి. నిర్బంధ ప్రాథమిక విద్యను ఆయన ఒక్కసారిగా సంస్థానమంతటా ప్రకటించలేదు. 1893లో అమ్రేలి ప్రాంతంలో కొద్ది గ్రామాలలో మొదలుపెట్టి, పదమూడేళ్ల అనుభవం తరువాత 1906లో మాత్రమే మిగిలిన ప్రాంతాలకు విస్తరించారు. నా దృష్టిలో ఆయన పాలనలో అన్నింటికన్నా గమనించదగినది ఈ ఆలస్యమే. వ్యాసంలో ఆ పదమూడేళ్లను ఒక వాక్యంతో దాటవేయకూడదు: పంతుళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు విధించిన జరిమానా ఎంతవరకు పనిచేసింది, ఆడపిల్లలకు నిర్బంధ వయసు మగపిల్లల కన్నా తక్కువగా ఎందుకు పెట్టారు అన్న ప్రశ్నలకు సంస్థానం అచ్చువేసిన వార్షిక పరిపాలనా నివేదికలలోనూ, పదేళ్లకోసారి వెలువడిన జనాభా లెక్కల సంపుటాలలోనూ జవాబులు వెదకాలి. 1904 నాటి బాల్యవివాహ నిరోధక చట్టాన్నీ ఇలాగే పరిశీలించాలి. చట్టం ఉందని రాయడంతో సరిపెట్టకుండా, ఎందరి మీద కేసులు నడిచాయో, శిక్ష ఎంత పడిందో చూడాలి. 1911లో గోఖలే కేంద్ర శాసనమండలిలో ప్రాథమిక విద్యా బిల్లు తెచ్చినప్పుడు బరోడా అనుభవం ఆయనకు ఆధారంగా నిలిచింది, అయినా ఆ బిల్లు నెగ్గలేదు. సంస్థానం చేయగలిగిన పనిని బ్రిటిష్ ప్రభుత్వం ఎందుకు కాదన్నదో రెండు మాటల్లో చెప్పగలిగితే వ్యాసానికి బలం వస్తుంది.

తెలుగు పాఠకులకు సంబంధించిన అసలైన ముడి గ్రంథాలయాల దగ్గర ఉంది. 1910 ప్రాంతంలో సయాజీరావు అమెరికా నుంచి గ్రంథాలయ నిపుణుడు విలియం బోర్డెన్‌ను రప్పించి గ్రంథాలయ శాఖను అప్పగించారు. ఊరివారు కొంత సొమ్ము పోగు చేస్తే ప్రభుత్వమూ, ప్రాంత పంచాయతీ తమ వాటా కలిపేవి. గ్రంథాలయం లేని ఊళ్లకు పుస్తకాల పెట్టెలు తిరిగేవి. అదే దశాబ్దంలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం నడిపారు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1919లో మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కర్ అధ్యక్షత వహించారు. బరోడాలో ఉద్యమం రాజు ఖజానా అండతో నడిస్తే, ఆంధ్రలో చందాలతో నడిచిందన్న తేడాను మరుగుపరచకుండా రాయాలి.

అంబేడ్కర్ ప్రస్తావన లేకుండా ఈ జీవితకథ పూర్తి కాదు, కాని దానిని సగం చెప్పి వదిలేయడం అలవాటైపోయింది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి బరోడా విద్యార్థి వేతనం ఇచ్చిందన్నది మొదటి సగం. చదువు ముగిశాక బరోడా కొలువులో పనిచేయాలన్న ఒప్పందం ప్రకారం 1917లో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు బరోడా నగరంలో తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉండగా కొందరు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అంటరానివారి పిల్లలకు 1880ల నుంచే బడులు పెట్టించిన రాజు రాజధానిలోనే ఇది జరిగింది. రెండు సగాలనూ ఒకే పేరాలో పెట్టాలి. దీనిని చూపి రాజు చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు గానీ, ఆయన అధికారం ఎక్కడ ఆగిపోయేదో ఇంత స్పష్టంగా చూపే సంఘటన మరొకటి లేదు.

డబ్బు విషయానికి మొహమాటపడకూడదు. 1890లో పూర్తయిన లక్ష్మీవిలాస్ భవనం, తరచుగా సాగిన దీర్ఘ విదేశ యాత్రలు, ఖాన్గీ అని పిలిచే అంతఃపుర శాఖ ఖర్చు ఒకవైపు, విద్యా శాఖ ఖర్చు మరొకవైపు, ఒకే సంవత్సరానికి సంబంధించినవి పక్కపక్కన పెట్టి చూపాలి. 1908లో స్థాపించిన బ్యాంక్ ఆఫ్ బరోడా గురించి పాఠకులకు ఎటూ తెలుసు కాబట్టి ఒక వాక్యం చాలు.

1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారులో ఐదవ జార్జి ఎదుట నామమాత్రంగా వంగి, వెన్ను చూపి నడిచిన ఉదంతాన్ని జాగ్రత్తగా రాయాలి. బ్రిటిష్ పత్రికలు దానిని ధిక్కారమన్నాయి. సయాజీరావు తడబాటు వల్ల జరిగిందని క్షమాపణ లేఖ పంపారు. తరువాత బ్రిటిష్ వ్యతిరేక జాతీయవాదిగా పేరుపొందిన అరవిందులు 1893 నుంచి 1906 వరకు బరోడా కొలువులో ఉన్నారు కాబట్టి ధిక్కారమే నిజమనిపించడం సహజం. అయినా ఆయన మనసులో ఏముందో మనం తేల్చేయకుండా, లేఖనూ ఆరోపణనూ వరుసగా ఉంచి, ఒక సంస్థానాధీశుడికి అలాంటి లేఖ రాయక తప్పని పరిస్థితిని వివరిస్తే సరిపోతుంది.

ముగింపును 1939 ఫిబ్రవరి 6న బొంబాయిలో జరిగిన మరణం దగ్గర ఆపవచ్చు, కాని 1949లో సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిన దాకా కొనసాగించడం మేలు. అప్పటికి బడులు, గ్రంథాలయాలు కొత్త యజమానుల చేతికి వెళ్లాయి. రాజు లేకుండా వాటిలో ఏవి ఎలా నడిచాయో పరిశీలించినప్పుడే, ఆయన వ్యవస్థలు కట్టారా, లేక తన ఇష్టంతో కొన్నాళ్లు నడిపించారా అన్నది తేలుతుంది.