ఇంట్లో కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే ముందు

ఎండలు ముదిరేలోపు ఏసీ ఎంత కరెంట్ లాగుతోందో చూద్దామని సొంతంగా సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే వైరులో పారే కరెంట్‌ని కొలిచే రింగు కాయిల్) చుట్టేవాళ్లు ఇవి చూసుకోండి.

• లోడ్ నడుస్తుండగా సెకండరీ (రింగు మీద మనం చుట్టిన కాయిల్) ఎప్పుడూ తెరిచి ఉండకూడదు. తెరిస్తే దాని కొసల మధ్య వోల్టేజ్ ప్రమాదకరంగా ఎగబాకుతుంది. అందుకే బర్డెన్ రెసిస్టర్‌ని (కాయిల్ కరెంట్‌ని కొలవదగ్గ వోల్టేజ్‌గా మార్చేది) ముందే, కాయిల్ కొసలకే సోల్డర్ చేయండి. బ్రెడ్‌బోర్డ్‌ని నమ్మొద్దు, అందులో వైరు ఊడటం ఎంతసేపు!

• రింగులోంచి ఫేజ్ వైరు ఒక్కటే పోవాలి. న్యూట్రల్ కూడా దూరితే రెండూ కొట్టుకుపోయి రీడింగ్ సున్నా. వైరు దూర్చేటప్పుడు మెయిన్ ఆఫ్. దాని పీవీసీ తొడుగు గీసుకుపోకూడదు. కాయిల్ చుట్టిన రాగి తీగ మీది ఎనామెల్ పూత 230 వోల్టులకు రక్షణ కాదు.

• పాత కంప్యూటర్ పవర్ సప్లైలోని పసుపు-తెలుపు రింగు పక్కన పెట్టండి. అది ఐరన్ పౌడర్, 50 హెర్ట్జ్‌కి పనికిరాదు. పాడైన ఆర్‌సీసీబీలోని (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే స్విచ్) రింగు చిన్నదైనా చాలా మేలు.

• బర్డెన్ వీలైనంత తక్కువ. 1000 చుట్లకు 20 ఆంపియర్లు 20 మిల్లీఆంపియర్లవుతాయి. 50 ఓమ్‌ల మీద 1 వోల్టు. సిగ్నల్ పెద్దగా కావాలని ఓమ్‌లు పెంచితే కోర్ (ఆ రింగే) సాచురేట్ అయి, అంటే అయస్కాంతత్వం ఇక పెరగని స్థితికి చేరి, సరిగ్గా ఎక్కువ లోడ్ దగ్గరే తక్కువ చూపిస్తుంది.

• కాలిబ్రేషన్‌కి, అంటే రీడింగ్ సరిచూసుకోవడానికి, ఎలక్ట్రిక్ కెటిల్, పక్కన మంచి క్లాంప్ మీటర్. కెటిల్ మీది వాట్లతో లెక్క కట్టొద్దు, మన వోల్టేజ్ నిలకడ తెలిసిందేగా. వైరుని 5 సార్లు దూరిస్తే 5 రెట్లు చూపించాలి. చూపించలేదా, కోర్ మార్చండి.