మార్పులు చేసిన ఇంజిన్‌లో మిస్సింగ్: లోపం నిప్పురవ్వలోనా, పెట్రోల్‌లోనా?

పాత మారుతి ఎస్టీమ్‌కో జిప్సీకో పెద్ద ఇంజెక్టర్లు, వేరే క్యామ్‌షాఫ్ట్, హెడర్లు (మార్చిన ఎక్జాస్ట్ పైపులు), ఒక్కోసారి టర్బో కూడా బిగించి, ప్రోగ్రామ్ చేసుకోగల ఈసీయూతో, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌తో, నడిపేవారు విశాఖపట్నంలోనూ ఉన్నారు. అలాంటి బండి యాక్సిలరేటర్ తొక్కగానే మిస్ కొట్టడం (సిలిండర్‌లో పెట్రోల్ మండక కుదుపు రావడం) మొదలుపెడితే, చాలామంది ముందుగా లాప్‌టాప్ తెరిచి ఫ్యూయల్ మ్యాప్‌లో, అంటే ఏ స్థితిలో ఎంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే పట్టికలో, అంకెలు మారుస్తారు. నా దృష్టిలో అది చిట్టచివర చేయవలసిన పని. ఇంజిన్ యాంత్రికంగా బాగుందని, ప్రతి సిలిండర్‌లోనూ రవ్వ సరైన సమయానికి పడుతోందని, పెట్రోల్ ప్రెషర్ నిలుస్తోందని రుజువయ్యేవరకు మ్యాప్‌ను ముట్టుకోకూడదు.

దీనికి కారణం మిశ్రమాన్ని చూపడానికి ఎక్జాస్ట్ పైపులో బిగించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పనిచేసే తీరులోనే ఉంది. ఆ సెన్సర్ పెట్రోల్‌ను కొలవదు. ఎక్జాస్ట్ వాయువులో మిగిలిపోయిన ఆక్సిజన్‌ను పట్టి మిశ్రమాన్ని అంచనా కడుతుంది. ఒక సిలిండర్‌లో రవ్వ పడకపోతే లోపలికి వచ్చిన గాలి, పెట్రోల్ రెండూ కాలకుండానే బయటికి పోతాయి, ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసిన సెన్సర్ మిశ్రమం లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) ఉందని చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి పెట్రోల్ పెంచితే, సరిగా మండుతున్న మిగతా మూడు సిలిండర్లు రిచ్ అవుతాయి (పెట్రోల్ ఎక్కువవుతుంది), ప్లగ్గులు మసిబారుతాయి, సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర కడుక్కుపోతుంది, మిస్సింగ్ తగ్గకపోగా పెరుగుతుంది. హెడర్ గ్యాస్కెట్ దగ్గర చిన్న లీకు ఉన్నా ఇదే జరుగుతుంది: ఎక్జాస్ట్ పైపులోని ప్రెషర్ ఎగుడుదిగుళ్ల వల్ల బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. అందుచేత చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, సెన్సర్‌కు ముందున్న ప్రతి అతుకు దగ్గరా లీకు శబ్దం వస్తోందేమో వినడం మొదటి పని.

తరువాత కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ప్రెషర్, గేజ్‌తో చూడాలి. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్, ఇంజెక్టర్ల కనెక్షన్లు తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని ఇంజిన్‌ను తిప్పాలి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం మించితే రవ్వ, పెట్రోల్ వెతుకులాట అక్కడితో ఆపి, వాల్వులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ వైపు వెళ్లాలి.

సముద్రతీర నగరంలో ఎర్త్ వైర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉప్పుగాలికి రాగి కనెక్టర్లకు ఆకుపచ్చ చిలుము పడుతుంది, ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పేరుకుంటుంది, పైకి మాత్రం అంతా బిగుతుగానే కనిపిస్తుంది. కళ్లతో చూసి సరిపెట్టుకోకుండా, ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ వేసి, మల్టీమీటర్ ఒక కొసను ఇంజిన్ బ్లాక్‌కు, మరొక కొసను బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి కొలవాలి. అక్కడ 0.2 వోల్టు దాటి కనిపిస్తే ఎర్త్ మార్గంలో నిరోధం ఉన్నట్లే. దాన్ని సరిచేయకుండా వదిలితే కాయిల్‌కు కరెంటు తగ్గుతుంది, సెన్సర్ల రీడింగులు కదులుతాయి, ఒక్కో రోజు ఒక్కో లోపం కనిపించి మెకానిక్‌ను తిప్పలు పెడుతుంది.

రవ్వను పరీక్షించేటప్పుడు తెలుసుకోవలసిన ముఖ్య విషయం, సిలిండర్‌లో ప్రెషర్ పెరిగేకొద్దీ ప్లగ్గు కొసల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావలసి వస్తుందన్నది. అందువల్ల బయట గాలిలో నీలంగా మెరిసిన రవ్వ టర్బో ఒత్తిడి కింద ఆరిపోవచ్చు. ఐడ్లింగ్‌లో సాఫీగా ఉన్న బండి పూర్తి థ్రాటిల్‌లో మాత్రమే మిస్ కొట్టడానికి ఇదొక పెద్ద కారణం. దీన్ని తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్గు గ్యాప్ ఒక మిల్లీమీటరు ఉంటే దాన్ని 0.7 మిల్లీమీటరుకు తగ్గించి, మరేదీ మార్చకుండా అదే లోడులో మళ్లీ నడపాలి. మిస్సింగ్ పోతే లోపం ఇగ్నిషన్‌లోనే ఉందని దాదాపుగా తేలినట్లే. ఇక కాయిల్, ప్లగ్గులకు వెళ్లే హైటెన్షన్ వైర్లు, ఈసీయూలో కాయిల్‌కు ఇచ్చిన డ్వెల్ సమయం (రవ్వకు ముందు కాయిల్‌లో కరెంటు పారే వ్యవధి) వరుసగా చూడాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే బండి ఇబ్బంది పెడుతుంటే, చీకట్లో బానెట్ తెరిచి, చేతులు దూరంగా ఉంచి, వైర్ల మీద నీళ్లు సన్నగా చిమ్మితే కరెంటు దూకే చోటు నీలిరంగులో కనిపిస్తుంది.

టైమింగ్‌ను, అంటే రవ్వ పడే క్షణాన్ని, తెరమీది అంకెతో నిర్ధారించుకోకూడదు. ఈసీయూలో టైమింగ్‌ను పది డిగ్రీల దగ్గర స్థిరపరచి, టైమింగ్ లైటుతో పుల్లీ మీది గుర్తు కూడా పదే చూపుతోందో లేదో చూడాలి. ఇంజిన్ వేగం పెంచినా ఆ గుర్తు జరగకూడదు. పుల్లీలోని రబ్బరు జారిపోయిన పాత ఇంజిన్లలో గుర్తే అబద్ధం చెబుతుంది కాబట్టి, మొదటి పిస్టన్ పైకొసకు చేరినప్పుడు గుర్తు సున్నా దగ్గర ఉందని ముందే సరిచూసుకోవాలి. డేటా లాగ్‌లో ఆర్‌పీఎం గీత ఒక్కసారిగా పైకి లేచి పడుతుంటే ఇంజిన్ తిరిగే స్థితిని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ సిగ్నల్‌లోకి విద్యుత్ అలజడి చేరుతోందని అర్థం. రెసిస్టర్ లేని ప్లగ్గులు, సెన్సర్ వైరును ఆనుకుని వెళ్లే హైటెన్షన్ వైర్లు దీనికి తరచుగా కారణమవుతాయి.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే పెట్రోల్ వైపు రావాలి. లీన్ ఏ స్థితిలో కనిపిస్తుందన్నదే ఇక్కడ దారి చూపుతుంది. ఐడ్లింగ్‌లో లీన్‌గా ఉండి లోడు పెరిగేకొద్దీ సర్దుకుంటే ఇన్‌టేక్ గ్యాస్కెట్‌లోనో వాక్యూమ్ గొట్టంలోనో గాలి లీకు వెతకాలి. ఐడ్లింగ్‌లో బాగుండి, ఎక్కువ వేగంలో క్రమంగా లీన్ అవుతూ బలం సన్నగిల్లితే పంపు, ఫిల్టర్, పంపుకు అందే వోల్టేజీ అనుమానించాలి. ప్రెషర్ గేజ్‌ను అద్దం బయట కనిపించేలా అమర్చి, లోడులో ప్రెషర్ పడిపోతోందేమో చూడాలి; రిటర్న్ లైను ఉన్న ఇంజిన్లలో ఐడ్లింగ్‌లో రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం పీకితే ప్రెషర్ సుమారు అర బార్ పెరగాలి. హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసినప్పుడే ఐడ్లింగ్ మిశ్రమం మారిపోతుంటే, కొత్త ఇంజెక్టర్ల డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే సమయం) పట్టిక ఈసీయూలో సరిగా ఎక్కించలేదని భావించవచ్చు, ఎందుకంటే వోల్టేజీ తగ్గితే ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. పెట్రోల్ గొట్టం విప్పే ముందు ప్రెషర్ వదలడం, అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోవడం తప్పనిసరి.

అన్ని స్థితుల్లోనూ ఒకే నిష్పత్తిలో లీన్‌గా ఉంటే పెట్రోల్ స్వభావాన్నే పరిశీలించాలి. ఎథనాల్ కలవని పెట్రోల్ పూర్తిగా మండడానికి కావలసిన గాలి, ఇంధనాల నిష్పత్తి 14.7 కాగా, ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్‌కు అది సుమారు 13.5. పాత పెట్రోల్‌తో ట్యూన్ చేసిన మ్యాప్ ఇప్పటి పెట్రోల్‌తో ఆ మేరకు లీన్ అవుతుంది. అందుకే లాంబ్డా కొలతలోనే (అసలు నిష్పత్తిని పూర్తిగా మండడానికి కావలసిన నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంక; ఒకటికి తక్కువైతే రిచ్) పనిచేయడం మేలు: పూర్తి లోడులో టర్బో లేని ఇంజిన్‌కు 0.85 నుంచి 0.88, టర్బో ఇంజిన్‌కు 0.78 నుంచి 0.82 సాధారణంగా సురక్షితమైన పరిధి. లోడులో లీన్ అవుతూ గలగలమని నాకింగ్ వినిపిస్తే వెంటనే కాలు తీసేయాలి. పిస్టన్ కరగడానికి ఎక్కువసేపు పట్టదు. పూర్తి లోడు పరీక్షలు డైనో (బండిని నిలిపి ఉంచి లోడులో నడిపే యంత్రం) మీద చేయాలి తప్ప బీచ్ రోడ్డు మీద కాదు.

నగరంలో చక్కగా నడిచిన బండి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేకొద్దీ బరువెక్కి, అరకులో ప్లగ్గులు నల్లబడితే, అది వేరే లోపం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి ప్రెషర్ 101 నుంచి దాదాపు 91 కిలోపాస్కల్స్‌కు తగ్గుతుంది. మానిఫోల్డ్ ప్రెషర్‌ను బట్టి పెట్రోల్ లెక్కించే ఈసీయూ దీన్ని చాలావరకు తానే సర్దుకుంటుంది. థ్రాటిల్ కోణాన్ని మాత్రమే చూసే ట్యూన్ సర్దుకోలేక దాదాపు పది శాతం రిచ్ అవుతుంది. అప్పుడు మ్యాప్ అంతటా పెట్రోల్ తగ్గిస్తే తిరిగి కిందికి దిగాక ఇంజిన్ లీన్ అవుతుంది. బయటి గాలి ప్రెషర్‌ను చదివే సెన్సర్ ఒకటి అమర్చి, ఘాట్ రోడ్డు మీద తీసిన లాగ్‌లోని లాంబ్డా తేడాను చూసి, ఆ ప్రెషర్‌ను బట్టి పెట్రోల్‌ను సవరించే పట్టికను మాత్రమే దిద్దాలి.