ఇంటి పరిమళాలు – 4వ పాఠం: మల్లె వాసనను కొవ్వులో పట్టడం

పోయిన పాఠంలో మొగలిపువ్వు గురించి చెప్పుకున్నాం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే గంజాం జిల్లాలో మొగలిని రాగి బానల్లో మరిగిస్తారు. ఆ ఆవిరిని చల్లార్చి వాసన పడతారు. అది చదివాక మల్లెల్ని కూడా అలాగే మరిగిస్తే సరిపోదా అనిపించడం సహజం. సరిపోదు. ఎందుకో అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

గులాబీ రేకుల్లో వాసననూనె ముందే తయారై ఉంటుంది. మల్లెలో అలా దాచుకున్నది చాలా తక్కువ. మొగ్గ విచ్చుకుంటున్నప్పుడే అది వాసనను తయారు చేసుకుంటూ గాల్లోకి వదులుతుంది. కొమ్మ నుంచి తెంపినా ఆ పని ఆగదు. పొద్దున కోసిన మొగ్గలు పగలంతా బుట్టలో ఊరికే పడి ఉండి, దీపాల వేళకి ఇల్లంతా ఘుమఘుమలాడించడం మనకు తెలిసిందే. మరిగే నీళ్లలో పడితే పువ్వు వెంటనే చచ్చిపోతుంది. ఆ క్షణానికి అందులో ఉన్న కాస్త వాసనే దక్కుతుంది, అదీ వేడికి మారిపోయి. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మల్లెను మరిగించి ఆవిరిని చందనం నూనెలోకి పట్టే అత్తరు ఉంది. మంచి అత్తరే, కానీ దాని అందంలో చందనానిది పెద్ద వాటా.

కాబట్టి పువ్వును చంపకూడదు. రాత్రంతా అది వదిలే వాసనను పీల్చుకునేదాన్ని పక్కన పెట్టాలి. ఆ పని కొవ్వు చేస్తుంది. ఫ్రిజ్‌లో మూత లేని వెన్న పక్కన కోసిన ఉల్లిపాయ ఉంటే తెల్లారేసరికి వెన్న ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇక్కడా జరిగేది అదే.

ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణం వాళ్లు దీన్ని పెద్ద పరిశ్రమగా నడిపారు. దాన్ని ఆన్‌ఫ్లొరాజ్ అంటారు. వాళ్లు వాడింది మన గుండుమల్లె కాదు, జాజి. చెక్క చట్రంలో బిగించిన గాజు పలకకు రెండు వైపులా కొవ్వు రాసి, పైన పూలు పరిచి, చట్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. పూల నుంచి పైకి లేచే వాసనను పై పలక అడుగున ఉన్న కొవ్వు అందుకునేది. రోజూ పాత పూలు తీసి కొత్తవి వేసేవారు. కిలో కొవ్వుకు మొత్తం మీద రెండున్నర నుంచి మూడు కిలోల పూలు పట్టేవి. పంది కొవ్వు రెండు పాళ్లు, ఎద్దు కొవ్వు ఒక పాలు కలిపి, పటికతో శుద్ధి చేసి, చెడిపోకుండా కిలోకు 6 గ్రాముల దాకా సాంబ్రాణి కలిపేవారు. మన ఇళ్లలో పొగ వేసుకునే సాంబ్రాణికి అక్కడ ఆ ఉద్యోగం!

ఇప్పుడు పరిశ్రమలో పూలను హెక్సేన్ అనే, వాసనను కరిగించుకునే ద్రవంలో నానబెడతారు. తమిళనాడులో ఈ పని పెద్ద ఎత్తున జరుగుతోంది. టన్ను పూలకు కొద్ది కిలోల మైనం లాంటి పదార్థమే వస్తుంది. దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే అందులో సగం దాకా అసలు సారం మిగులుతుంది. మల్లె సారం ఎందుకంత ఖరీదో ఈ లెక్కే చెబుతుంది. హెక్సేన్ క్షణంలో అంటుకుంటుంది, ఇంట్లో దాని జోలికి వెళ్లొద్దు.

ఇక మన పని. కొబ్బరినూనె 25 డిగ్రీల లోపే గట్టిగా ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం ఎండాకాలంలో అది మన మాట వినదు. ఫ్రిజ్‌లో పెడదామంటే చలికి పువ్వు వాసన చేయడమే మందగిస్తుంది. జంతువుల కొవ్వు చాలా ఇళ్లలో కుదరదు. అందుకే వనస్పతి. అది 31 నుంచి 41 డిగ్రీల మధ్య కరిగేలా తయారవుతుంది, రాత్రిపూట నిలబడుతుంది. పావు కిలో తీసుకోండి. నీళ్లు, చిటికెడు పటిక వేసి సన్నటి సెగ మీద కరిగించి, చల్లారాక పైన పేరుకున్న కొవ్వును తీసుకుని, కింది నీళ్లు పారబోయండి. డబ్బా వాసన తగ్గేదాకా ఇలా రెండు మూడు సార్లు చేయాలి. చివరిసారి నీటితడి లేకుండా కరిగించి, గ్రామున్నర సాంబ్రాణి పొడి వేసి కాసేపు ఉంచి, వడగట్టండి. కప్పు సాంబ్రాణి వద్దు, అందులో బొగ్గు ఉంటుంది.

గిన్నె స్టీలుదో గాజుదో అయి ఉండాలి. బుడితి ఇత్తడి మీద మనందరికీ ప్రేమే, కానీ రాగి, ఇత్తడి తగిలితే కొవ్వు త్వరగా కంపు పడుతుంది. ఆవిరి పట్టేటప్పుడు రాగి మంచిది, కొవ్వుకు మాత్రం పనికిరాదు.

అద్దాల షాపులో అడుగు పొడవు, అడుగు వెడల్పు పలక కోయించుకోండి. పావు కిలో కొవ్వు దాని మీద మూడు మిల్లీమీటర్ల మందాన సరిగ్గా సరిపోతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పూల దగ్గర కావాలి. బజార్లో మూరల లెక్కన అమ్మే దండలు ఇందుకు పనికిరావు. నీళ్లు చల్లి, తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. ఆ తడి కొవ్వులోకి దిగితే బూజు ఖాయం. తోట ఉన్నవాళ్లను వెతుక్కుని, ఆ పొద్దున కోసిన విడి మొగ్గలు 50 గ్రాములు తెచ్చుకోండి. తెల్లగా, లావుగా ఉన్నవే ఏరండి. పచ్చదనం పోని పసి మొగ్గలు కోశాక విచ్చుకోవు. మొగ్గ తొలిచే పురుగుకు మందు ఎప్పుడు కొట్టారో తప్పకుండా అడగండి. ఆ మందు కూడా కొవ్వులో దిగుతుంది, తర్వాత మీ ఒంటి మీదకు వస్తుంది. వైశాఖం ముహూర్తాలు మొదలైతే మల్లెల ధర చేతికందదు, చైత్రంలోనే మొదలుపెట్టడం మేలు.

మొగ్గల్ని పళ్లెంలో పలచగా పరచండి. కుప్పగా పోస్తే వేడెక్కి కమిలిపోతాయి. చీకటి పడి రేకులు విడుతున్నప్పుడు తొడిమలు తుంచి, ముఖం కిందికి ఉండేలా కొవ్వు మీద ఆనించండి, అదమొద్దు. పైన పెద్ద స్టీలు పళ్లెం బోర్లించి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టండి.

తెల్లారి ఎండెక్కకముందే పూలన్నీ తీసేయాలి. ఇక్కడ బద్ధకించకూడదు. మల్లె వాసనలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉంటే వాసనకు లోతు, నిండుదనం. పువ్వు గోధుమరంగుకు తిరిగేకొద్దీ అది పైచేయి అవుతుంది. ముందురోజు జడలోని పూలను మర్నాడు తీస్తే వచ్చే ముక్క వాసనలో ఉండేది అదే. పలక వంచి తట్టితే చాలా పూలు రాలిపోతాయి, మిగిలినవి పట్టకారుతో ఏరండి. ఒక్క రేకు కూడా ఉండిపోకూడదు. ఫోర్కుతో కొవ్వు మీద గీతలు పెడితే ఆ రాత్రి పూలకు కొత్త ముఖం తగులుతుంది. పలకకు మూత పెట్టి పగలు ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం మామూలు వేడికి వచ్చాక మళ్లీ పూలు వేయండి.

రోజుకు 50 గ్రాముల చొప్పున 13 నుంచి 15 రాత్రులకు గ్రాస్ వాళ్ల లెక్క పూర్తవుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు వనస్పతి వాసనే వస్తోందని నిరుత్సాహపడొద్దు. చివరికి కొవ్వు గిన్నెను వేడినీళ్లలో ఉంచి, కరిగేంతే కరిగించి, పొందూరు ఖాదీలాంటి సన్నటి నూలుగుడ్డలో వడగట్టి, ముదురు రంగు గాజు సీసాలో పోయండి. ఒంటికి రాసుకునే ముందు మోచేతి లోపల చుక్కంత రాసి ఒక రోజు చూడండి. మల్లె కొందరి చర్మానికి పడదు.

పని జరుగుతుండగా 4వ, 8వ, 12వ తెల్లవారి తలా ఒక చెంచా కొవ్వు తీసి, చిన్న సీసాల్లో పెట్టి, తేదీ రాసి ఫ్రిజ్‌లో ఉంచండి. ఆఖరి రోజుదీ ఒకటి తీయండి. వాసనల్లో తేడా పట్టడం వచ్చే పాఠం. దానికి ఈ నాలుగు సీసాలూ కావాలి.